కడప–మామునూరు పాల విమానం

ఏప్రిల్ 28
కడప నుంచి మామునూరుకు 387 కిలోమీటర్లు. గాలిలో గంటా యాభై రెండు నిమిషాలు.

ప్రయాణికులు ఇద్దరు. దస్తగిరి, అతని కూతురు. కూతురు పుట్టి రెండు రోజులైంది, బరువు తొమ్మిది వందల నలభై గ్రాములు. పట్టీలో గ్రాములు రాసే గడి లేదు. ఒక కిలో అని రాశాను.

ఏడో నెల వచ్చీరాగానే పుట్టిందట. అంత చిన్న ఊపిరితిత్తులకు సరిపోయే యంత్రం కడపలో ఖాళీ లేదు, వరంగల్‌లో ఒకటి ఉంది. తెల్లారేసరికి ఆసుపత్రి వాళ్ళు పాపను గాజుపెట్టెలో పెట్టి విమానాశ్రయానికి తెచ్చారు. బ్యాటరీతో ఎగిరే మా విమానానికి ఉన్నవి రెండే సీట్లు. వెనక మందులూ ఉత్తరాలూ పెట్టే చోట పెట్టెను బిగించి, దస్తగిరిని నా పక్కన కూర్చోబెట్టాను. అతను విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. కిటికీలోంచి ఒక్కసారి కూడా చూడలేదు. ఒంటిని వెనక్కి తిప్పి, అరచెయ్యి పెట్టె మీద ఆనించి కూర్చున్నాడు.

"ఎంతసేపు పడ్తాదమ్మా?" అన్నాడు.

"రెండు గంటల లోపలే."

కాసేపటికి మళ్ళీ అదే మాట అడిగాడు. ఆ తర్వాత ఇంకోసారి. నాలుగోసారి అడిగినప్పుడు నేను జవాబు చెప్పకుండా, "పాప నిద్రపోతాండాదా?" అన్నాను.

"పోతాండాదమ్మా," అన్నాడు. తర్వాత మళ్ళీ అడగలేదు.

మామునూరులో రన్‌వే పక్కనే ఆసుపత్రి బండి నిలబడి ఉంది. నర్సు శ్రీజ పరుగున వచ్చి ముందు పాపను చూసింది, పెట్టె అందుకుంది, ఆ తర్వాతే నా వైపు తిరిగింది.

"మంచిగ తీసుకొచ్చిన్రు మేడం," అంది.

ఏప్రిల్ 30
విమానం ఎగరలేదు. మెకానిక్ తేజన్న బ్యాటరీ విప్పి దుమ్ము దులిపాడు. నేను తోక దగ్గర రంగు వేశాను.

సాయంత్రం శ్రీజ ఫోన్ చేసింది. పాపకు ఆసుపత్రి పొడిపాలు పడలేదట, కడుపు ఉబ్బిందట. డాక్టరుగారు తల్లిపాలే కావాలన్నారు. గడ్డకట్టించినవి కాదు, ఏ రోజువి ఆ రోజు; మరీ తప్పకపోతే మంచులో ఉంచి మర్నాటికి.

"తల్లిని తీసుకరారాదు మేడం?" అంది.

తల్లి పేరు హుసేనమ్మ. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. మైలవరం దగ్గర సోలార్ పలకలు కడిగే పనిలో ఉండేది. కాన్పు ఆపరేషన్ తర్వాత కాలి నరంలో రక్తం గడ్డకట్టింది. ఆరు వారాలు మంచం దిగి దూరం పోకూడదు. పాలు రైలుకు ఇద్దామంటే, ఎండకు పట్టాలు సాగుతాయని పగలంతా రైళ్ళు ఆపేస్తున్నారు. వరంగల్ చేరేసరికి రెండో రోజు మధ్యాహ్నం అవుతుంది.

మా విమానం వారానికి మూడుసార్లు తిరుగుతుంది. విమానాన్ని నడిపించే సంఘం వాళ్ళను అడిగాను, రోజూ తిప్పమన్నారు. ఆసుపత్రికి వెళ్ళి హుసేనమ్మను చూశాను. గుమ్మంలోనే, "నా బిడ్డను తీసకపోయింది నువ్వేనా పెద్దమ్మా?" అని అడిగింది. అవునన్నాను. నా చేతులు పట్టుకుని చాలాసేపు వాటినే చూసింది.

మే 4
387 కిలోమీటర్లు. గంటా యాభై ఐదు నిమిషాలు. పాలు నూట పది మిల్లీలీటర్లు.

పొద్దున ఐదింటికి లేస్తాను. ఎండ ముదిరితే బ్యాటరీ వేడెక్కుతుంది కాబట్టి ఆరింటికల్లా గాలిలో ఉండాలి. దారిలో ఆసుపత్రి ముందు ఆగి సీసాలు తీసుకుంటాను. చిన్నవి, నా బొటనవేలంత ఉంటాయి. మంచుపెట్టెలో నిలబెట్టి, చుట్టూ గుడ్డ కుక్కుతాను. మధ్యాహ్నానికి తిరిగి వచ్చి ఖాళీ సీసాలు హుసేనమ్మకు ఇస్తాను. ఆమె వాటిని వేడినీళ్ళలో వేసేలోపే అడుగుతుంది.

"ఈ పొద్దు ఏం చూసినావు పెద్దమ్మా?"

మొదటి రోజు ఏం చెప్పాలో తెలియలేదు. ముప్పై ఏళ్ళుగా ఎగురుతున్నాను, ఏం చూశావని ఎవరూ అడగలేదు. ఇప్పుడు రోజుకొకటి గుర్తుపెట్టుకుని వస్తున్నాను. ఈ రోజు కంభం చెరువు చెప్పాను.

"ఎంతుంటాది?"

"పైనుంచి చూస్తే అరచెయ్యంత."

"నా బిడ్డ పాలు దాని మీదనుంచి పోయినాయా?"

"పోయినాయి."

అలాగా అన్నట్టు తల ఊపి, సీసాలు నీళ్ళలో వేసింది.

మే 11
387 కిలోమీటర్లు. రెండు గంటల పద్నాలుగు నిమిషాలు.

కాలం పెరగడానికి కారణం నేనే. నెమ్మదిగా నడిపాను. నెమ్మదిగా పోతే బ్యాటరీ తక్కువ తింటుంది. కొత్తలో ఒక్క చార్జితో మామునూరు పోయి సగం దూరం వెనక్కి రాగలిగిన విమానం ఇది. రోజూ తిప్పడం మొదలుపెట్టాక బ్యాటరీ సత్తువ త్వరగా తగ్గిపోతోంది. తేజన్న ఈ రోజు కొలిచాడు. నూటికి డెబ్బై ఎనిమిది.

"కొత్తది ఎప్పుడొస్తాది అన్నా?"

"జూన్ నెలాఖరుకంట. అదీ సముద్రం సల్లగుండి ఓడ వస్తే." తేజన్నకు అరవై దాటాయి. ఏ మాట చెప్పినా చేతిలో పని ఆపడు. "దిగినాంక అర గంటకు సరిపడా మిగిలుండాల భార్గవీ. ల్యాకుంటే విమానాల రాకపోకలు చూసే కేంద్రమోళ్ళు ఊరుకోరు. రోజూ కొంచెం కొంచెం తగ్గిపోతాంటే ఎన్నాళ్ళని నెమ్మదిగా పోతావు?"

ఇంకా నెమ్మదిగా పోతే విమానం గాలిలో నిలబడదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మే 17
మార్కాపురం దాకా 137 కిలోమీటర్లు. మళ్ళీ కడపకు 137.

పాలు చేరలేదు.

మార్కాపురం దాటుతుండగా ఎదురుగాలి లేచింది. ఉత్తరాన మబ్బు నల్లగా కట్టింది. బ్యాటరీ సూచీ చూస్తుండగానే పడిపోతోంది. ఇంకో పది నిమిషాలు ముందుకు పోయి ఉంటే వెనక్కి రావడానికీ చాలదు. తిప్పేశాను. తిప్పేటప్పుడు వెనక సీసాలు ఒకదానికొకటి తగిలిన చప్పుడు వినిపించింది.

పెట్టె ఒళ్ళో పెట్టుకుని హుసేనమ్మ మంచం పక్కన కూర్చున్నాను.

"తిరిగొచ్చినా," అన్నాను.

ఆమె పెట్టె వైపు చూసింది. "పాప తాగల్యా?"

"ల్యా. నరానికి గ్లూకోజు పెట్టినారంట. శ్రీజ చెప్పింది. ఈ పూటకు ఏం కాదన్న్యాది."

ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. భుజం కదులుతోంది కానీ చప్పుడు లేదు. లేచి పోవడమా కూర్చోవడమా తేల్చుకోలేక కూర్చున్నాను. గోడ వైపు నుంచే అడిగింది.

"నువ్వు తిన్న్యావా పెద్దమ్మా?"

తినలేదని చెప్పాను. అలమరలో రొట్టె ఉంది తీసుకోమంది. ఆమె ముందే కూర్చుని తిన్నాను. 

మే 18
387 కిలోమీటర్లు. రెండు గంటల ఇరవై ఒక్క నిమిషాలు.

గాలి లేదు. రెండు రోజులకు సరిపడా పాలతో చేరాను. దిగేసరికి మిగిలింది అర గంటకు కాదు, పదహారు నిమిషాలకే. ఈ ఒక్కసారి ఖాళీ విమానంతో వెనక్కి పోవచ్చు, ఇక మీదట నేరుగా పోవడానికి వీల్లేదని కేంద్రం నుంచి గంటలోపే ఉత్తరువు వచ్చింది.

తిరిగి రాగానే తేజన్న గోడమీద పటం ముందు నిలబడి ఉన్నాడు. కడపకూ మామునూరుకూ మధ్య దారం కట్టాడు. దారం కింద, నాగార్జునసాగర్ దగ్గర, వేలు పెట్టాడు.

"పాత రన్‌వే ఒకటి ఉండాది ఈడ. ఇప్పుడు సాపలోళ్ళు వలలు ఆరేసుకుంటాండారు. పక్కనే వాళ్ళ మంచు మిల్లు. ఎండతోనే నడుస్తాది. కరెంటు ఇస్తే చాలు, చార్జి ఎక్కే తీగ నేను చేస్తా."

రేపు బస్సులో తీగతో పాటు తానే వెళతానన్నాడు.

మే 20
కడప నుంచి సాగర్‌కు 232 కిలోమీటర్లు, గంటా ఇరవై ఏడు నిమిషాలు. అక్కడినుంచి మామునూరుకు 155, యాభై ఎనిమిది నిమిషాలు. మధ్యలో నేల మీద గంటా నలభై నిమిషాలు.

దిగేసరికి వలలన్నీ పక్కకు లాగి ఉన్నాయి. తేజన్న పక్కన ఒక లావుపాటి ఆవిడ చేతులు చీరకు తుడుచుకుంటూ నిలబడి ఉంది. పేరు కోటమ్మ. మంచు మిల్లు ఆమె చేతి కింద నడుస్తుంది. తీగ ఇంకా తగిలించలేదు.

"నిన్నటి నుంచి చెప్తానే ఉండా," అన్నాడు తేజన్న. "మనిషిని చూసినాంకే మాట్లాడ్తా అంటాది."

"మాట్లాడొద్దా మరి?" అంది కోటమ్మ. "ఏమ్మా, మంచు చేసే కరెంటు నీ ఇమానానికి పెడితే మా చేపలు ఏం గావాల? పదకొండు పడవలోళ్ళు నా మంచును నమ్ముకోని నీళ్ళల్లోకి పోతన్నారు. ఆ పెట్టెలో ఏంది అంత అవసరమైంది?"

చెప్పడం కంటే చూపించడం మేలనిపించి మూత తీశాను. ఆరు సీసాలు. ఒక్కోదానిలో మూడు వేళ్ళ ఎత్తు పాలు.

కోటమ్మ వంగి చూసింది. "ఇంతేనా?"

"ఆ బిడ్డ కడుపు అంతే."

"బతుకుద్దా?"

"పెరుగుతాండాది. మొన్నటికి కిలో దాటింది."

ఆమె మిల్లులోకి వెళ్ళింది. లోపల మిషను చప్పుడు ఆగిపోయింది. బయటికి వచ్చి తేజన్నతో, "తగిలిచ్చుకో. పది గంటలకల్లా నా కరెంటు నాకు కావాల," అంది. నా పెట్టెలో కరిగిన మంచు పారబోసి తన మంచు నింపింది.

మే 27
సాగర్ మీదుగా. నేల మీది సమయంతో కలిపి నాలుగు గంటల రెండు నిమిషాలు.

పాత రన్‌వే మీద దిగాలంటే అది ఖాళీగా ఉందని కింద ఒక మనిషి చెప్పాలి. కేంద్రం వాళ్ళు కోటమ్మ పేరు రాసుకున్నారు. చెప్పాల్సిన మాటలు కాగితం మీద రాసి పంపారు కూడా. ఆవిడ ఆ కాగితం చూడదు. రేడియోలో, "ఖాళీయేనమ్మా, రా. కుక్క ఒకటుంటే తోలేశా," అంటుంది. కేంద్రం వాళ్ళు కూడా అలవాటు పడ్డారు.

పాప బరువు కిలో మూడు వందలు. గొట్టం తీసేసి, పాలు చిన్న సీసాతో పడుతున్నారట. శ్రీజ రన్‌వే దగ్గర సీసాలు అందుకుంటూ, "ఇప్పుడు మస్తు గుంజుతాంది అక్కా," అంది. మేడం పోయి అక్క ఎప్పుడు వచ్చిందో నేను గమనించలేదు.

నేను ఇంతవరకూ ఆసుపత్రికి వెళ్ళలేదు. దిగడం, సీసాలు ఇవ్వడం, చార్జి ఎక్కగానే ఎగరడం. తీసుకెళ్ళిన రోజు తర్వాత పాపను చూడలేదు. హుసేనమ్మ అయితే పాప పుట్టిన రోజు ఒక్కసారి, దూరం నుంచి చూసింది.

జూన్ 5
ఎగరలేదు. నిన్న రెండు రోజుల పాలు ఇచ్చి వచ్చాను.

డాక్టరమ్మ హుసేనమ్మ కాలు పరీక్షించి, రేపటి నుంచి ప్రయాణం చేయవచ్చంది. విన్న వెంటనే హుసేనమ్మ నా వైపు చూసింది. నేను తేజన్న వైపు చూశాను.

బ్యాటరీ అరవై ఆరు. అరవై ఐదుకు దిగితే విమానం కదలకూడదు. పాలు ఒక కిలో కూడా ఉండవు. హుసేనమ్మ నలభై ఎనిమిది కిలోలు.

"ఒకసారికి వస్తాది," అన్నాడు తేజన్న, లెక్క వేసిన కాగితం మడిచి. "ఆ పైన కొత్త బ్యాటరీ వచ్చేదాకా ఇది యాడుంటే ఆడనే."

సాయంత్రం దాకా విమానంలోంచి ఒక్కొక్కటే ఊడదీశాడు. సామాను కొక్కేలు, నేలమీది పరుపు, తలుపు లోపలి రేకు, అదనపు చక్రం. ముప్పై ఒక్క కిలోలు తగ్గాయి. ఊడదీసినవన్నీ షెడ్డులో వరసగా పేర్చి, నా వైపు తిరిగి, "నువ్వు కూడా రేపు టిఫిన్ తినొద్దులే," అన్నాడు. నవ్వుతూ అన్నాడో నిజంగా అన్నాడో అతని ముఖం చూసి చెప్పలేం.

జూన్ 6
232, 155. గాలిలో రెండు గంటల ముప్పై ఒక్క నిమిషాలు. నేల మీద మూడు గంటల నలభై నిమిషాలు.

హుసేనమ్మ సంచిలో రెండు పాప చొక్కాలు, ఒక దువ్వెన, అంతే తెచ్చుకుంది. ఎగిరేటప్పుడు కళ్ళు మూసుకుంది. తర్వాత కిటికీకి ముఖం ఆనించింది. నేను చూపించబోయేలోపే, "అది కంభం చెరువు కదా?" అంది.

"అవును."

"నువ్వు చెప్పినదానికంటే పెద్దదుండాది."

మార్కాపురం దాటాక మబ్బులు. వాన లేదు కానీ ఎండ కూడా లేదు. సాగర్‌లో దిగి తీగ తగిలించాక చూస్తే, గంటకు ఎక్కాల్సినదాంట్లో నాలుగో వంతు కూడా ఎక్కడం లేదు. పలకల మీద వెలుగు లేదు. కోటమ్మ మిల్లు పూర్తిగా ఆపేసింది. అయినా అంతే.

"ఈ లెక్కన ఎప్పటికవుద్ది?" అంది.

"ఈ పొద్దు కాదు."

హుసేనమ్మ విమానం రెక్క కింద కూర్చుని ఉంది. జాకెట్ రెండు వైపులా తడిసింది. పాలు పిండుకోవాల్సిన సమయం దాటిపోయింది, నొప్పికి పెదవి కొరుక్కుంటోంది. కోటమ్మ చూసి, "లే తల్లీ, లోపలికి రా. ఇట్టాగే కూకుంటే గడ్డలు గడతయ్యి," అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

పది నిమిషాల తర్వాత ఒక్కతే బయటికి వచ్చి, గట్టు మీద నిలబడి ఒడ్డున ఉన్న పడవల వాళ్ళను పిలిచింది. ఏం చెప్పిందో గాలికి నాకు వినిపించలేదు. కాసేపటికి ఒకరి వెనక ఒకరు గట్టెక్కి వచ్చారు. ఒక్కొక్కరి భుజం మీద తమ పడవ బ్యాటరీ. పదకొండు బ్యాటరీలు రన్‌వే మీద దించారు. అవి లేకపోతే ఆ రోజు వాళ్ళకు వేట లేదు.

"మరి మీ చేపలు?" అన్నాను.

"నీళ్ళల్లోనే ఉంటయ్యిలే. ఏడకి పోతయ్యి," అంది కోటమ్మ.

తేజన్నకు ఫోన్ చేసి, అతను చెప్పినట్టు ఒకదాని తర్వాత ఒకటి తగిలించాను. పదో బ్యాటరీ ఖాళీ అవుతుండగా సూచీ సరిపోయే గీత దాటింది. హుసేనమ్మ ఎక్కబోతూ కోటమ్మ కాళ్ళ వైపు వంగింది. ఆవిడ మధ్యలోనే పట్టుకుని ఆపింది. "కుట్లు ఇంకా పచ్చిగా ఉంటయ్యి, వంగమాక," అంది.

మామునూరులో దిగాక నన్ను కూడా బండిలో రమ్మంది శ్రీజ. ఆసుపత్రి గేటు దగ్గర దస్తగిరి నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. భార్యను చూసి ముందుకు వచ్చి, రెండడుగుల దూరంలో ఆగాడు.

"వచ్చినావా," అన్నాడు.

"వచ్చినా," అంది.

 అతను ఆమె చేతిలోని సంచి అందుకున్నాడు.

శ్రీజ హుసేనమ్మ చేత గాజులు తీయించి, మోచేతుల దాకా కడిగించి, కుర్చీలో కూర్చోబెట్టింది. పాపను తెచ్చి ఆమె గుండెల మీద పడుకోబెట్టింది. పాప రొమ్ము పట్టలేదు. తల అటూ ఇటూ తిప్పి ఏడ్చింది. ఆ గొంతు నేను వినడం ఇదే మొదలు. విమానంలో తెచ్చిన రోజు దానికి ఏడవడానికి ఊపిరి లేదు.

హుసేనమ్మ భయపడి శ్రీజ వైపు చూసింది. "నన్ను గుర్తుపట్టల్యా?"

"గట్ల గాదు. నాల్కకు సీసా అలవాటైంది. జెర ఓపిక పట్టు, తొందరేం లేదు."

రెండోసారీ పట్టలేదు. మూడోసారి శ్రీజ పాప చెంపను వేలితో తాకి, తల కొంచెం పైకి ఎత్తింది. ఏడుపు ఆగింది. 

"తాగుతాంది సూడు," అంది శ్రీజ, మెల్లగా.

దస్తగిరి కిటికీ వైపు తిరిగిపోయాడు. హుసేనమ్మ ఏడవలేదు. పాప దవడ కదలడం చూస్తూ ఉండిపోయింది.

చాలాసేపటికి శ్రీజ పట్టీ తీసి, "ఇన్నొద్దులు హుసేనమ్మ పాప అనే రాస్తానం. ఇప్పుడన్న పేరు చెప్పు," అంది.

"ఇప్పుడే కదా సూసింది," అంది హుసేనమ్మ. "రెండు రోజులు సూసి పెడ్తాం."

జూన్ 7
మామునూరు. దూరం లేదు, కాలం లేదు.

పొద్దున కొలిస్తే బ్యాటరీ అరవై నాలుగు. కొత్తది వచ్చేదాకా విమానం ఇక్కడే ఉంటుంది. రెక్కలకు తాళ్ళు కట్టి, గుడ్డ కప్పి, ఆసుపత్రికి నడిచి వెళ్ళాను.

హుసేనమ్మ నిద్రపోతోంది. ఇన్ని వారాల్లో ఆమె నిద్రపోగా నేను చూడలేదు. శ్రీజ పక్కదుప్పట్లు మార్చాలని, ఒక్క పది నిమిషాలు పట్టుకోమని పాపను నా చేతుల్లో పెట్టింది. పాప కళ్ళు తెరిచి నా వైపు చూసింది. నా వైపో, నా వెనక వెలుతురు వైపో తెలియదు. చెయ్యి గుడ్డలోంచి బయటికి తీసి నా చూపుడు వేలు పట్టుకుంది. పట్టు గట్టిగానే ఉంది.

దస్తగిరి టీ తెచ్చి నా పక్కన బల్ల మీద పెట్టాడు. వేలు విడిపించుకోకుండా టీ తాగడం కుదరదు. అది చల్లారిపోయింది. దుప్పట్లు మార్చడం ఎప్పుడో అయిపోయింది. శ్రీజ వచ్చి చూసి, పాపను అడగకుండానే వెళ్ళిపోయింది. నాకు ఎక్కడికీ పోవలసిన పని లేదు. కూర్చున్నాను.